పెద్దమ్మ చూపించిన ఆటల తోట

సింగపూరు,
5 మే 1969

చిరంజీవి శివపార్వతికి,

అక్కయ్య దీవెనలు. వేసవి సెలవులకి మాతో పంపిన నీ పిల్లలు ఓడ దిగారు, తింటున్నారు, నిద్రపోతున్నారు. వాళ్ళకేం లోటు లేదు. లోటల్లా నాకూ మీ బావగారికీ ఓపికే.

ఓడలో రత్నం కిమ్మనలేదు. యలమంద మాత్రం సముద్రం కనిపించినంతసేపూ "ఇది ఏ కాలవ? తూము ఎక్కడుంది?" అని కనిపించిన వాళ్ళనల్లా అడిగాడు. మీ తుంగభద్ర కాలవ తప్ప వాడికి వేరే నీళ్ళు తెలియవు కదా. మొదట్లో ముచ్చటగానే ఉండేది.

నిన్న ఆదివారం ఆటల తోటకి తీసుకెళ్ళాం. మన వైపు తిరనాళ్ళు వచ్చి పోతాయే, ఇక్కడ దానికి గోడ కట్టి ఏడాది పొడుగునా ఉంచేశారనుకో. రంగులరాట్నం, మేడంత ఎత్తు చక్రం, పట్టాల మీద తిరిగే బుల్లి రైలు, లోపలికి వెళ్తే అస్థిపంజరాలు మీదకి ఊగే దయ్యాల గుహ. మీ బావగారు పిల్లలకంటే ముందు తయారైపోయి చొక్కాకి సెంటు కూడా రాసుకున్నారు.

యలమంద చక్రం ఎక్కుతానని ఏడ్చాడు. ఎక్కించాక దింపమని ఏడ్చాడు. దింపాక మళ్ళీ ఎక్కుతానని నేల మీద పడి దొర్లాడు. టిక్కెట్లిచ్చే తమిళాయన పాపం చక్రం ఆపీ ఆపీ చివరికి చేతులు జోడించాడు. రత్నం అసలు ఏదీ ఎక్కలేదు. గేటు దగ్గర స్తంభం పట్టుకుని నిలబడింది. "నాకేం వద్దు పెద్దమ్మా" అనడం తప్ప ఇంకో మాట లేదు. ఐస్‌క్రీము చేతిలో పెడితే నాకక, పారెయ్యక అలాగే పట్టుకుంది. అది కరిగి నా పట్టుచీర మీద కారింది.

పోనీలే, రత్నం నయం. పెద్దమనిషిలా ఒక చోట కూర్చుంటుంది. అలాంటి పిల్ల ఏ ఇంట్లోనైనా ఇమిడిపోతుంది. మీ వాడితోనే నా తంటా.

బాపయ్య మరిదిగారిని అడిగానని చెప్పు.

నీ అక్కయ్య,
కుసుమకుమారి

•

కోటప్పనగర్ క్యాంపు,
సింధనూరు తాలూకా, రాయచూరు జిల్లా
16 మే 1969

అక్కయ్యకు పార్వతి నమస్కరించి రాయునది,

నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. కుదుటపడింది అని రాస్తున్నాను గానీ మళ్ళీ మళ్ళీ చదివాను. మీ మరిదిగారు కూడా చదివి పొలానికి వెళ్ళిపోయారు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నల్లరేగడి నేల పాదం దిగేంత బీటలు తీసింది. కాలవ ఎప్పుడు వదులుతారో ఇంజనీర్లకే తెలియదు, మనకేం చెబుతారు! మన వైపు రైతులు వచ్చి దిగిన ఈ క్యాంపు కాలవ చివర్న ఉంది కదా, పై వాళ్ళ మళ్ళన్నీ నిండి, కప్పలు కూడా తాగాక మనకి వస్తాయి నీళ్ళు.

మొన్న మీ మరిదిగారు రాయచూరు వెళ్ళి బట్టల కొట్టు రంగనాయకులు గారిని కలిశారట. ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఏంది బాపయ్యా, పిల్లల్ని గంత దూరం పంపిస్తివి! మీ వదినెకు పిల్లల్లేరంటివి గద. ఇగ ఇద్దర్నీ తిరిగి పంపుతదా? నాకైతె నమ్మకం లేదప్పా" అన్నాడట అందరి ముందూ. ఈయన బట్ట కూడా తీసుకోకుండా వచ్చేశారు. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పారు.

రత్నం నెమ్మది అని రాశావు. నీకు దాని సంగతి తెలియదక్కయ్యా. అది ఇక్కడ గ్లాసు కడగదు. చెప్పిన మాట ఒక్కటి వినదు. మొండితనంలో దాన్ని మించిన పిల్ల ఈ క్యాంపులో లేదు. నాలుగు రోజులు కొత్త ముఖాల ముందు అలా ఉంటుంది అంతే. ఎక్కడా ఇమడదు అది. ఇది నీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

పార్వతి

•

సింగపూరు,
27 మే 1969

పార్వతీ,

ఆశీస్సులు తర్వాత. నీ నోటి చలవ ఏమో గానీ, నీ ఉత్తరం వచ్చిన వారంలోనే రత్నం నువ్వు రాసినట్టే తయారైంది. నా కుట్టు మిషను దారాలన్నీ విప్పి చిక్కు చేసింది. పక్కింటి చైనా ఆవిడ పిలిచి బిస్కట్లు పెడితే ఆవిడ ముఖం మీదే నాలుక చాపింది. మీ బావగారి హార్బరు ఆఫీసు టోపీలో నీళ్ళు పోసి, "ఓడ చేస్తున్నా" అంది. పదేళ్ళ పిల్ల చేసే పనులా ఇవి? నేను కోప్పడితే ఏడవదు. నా కళ్ళలోకి చూస్తూ, ఇంకా ఏమంటానో అని ఎదురుచూస్తుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది.

చిత్రమేమిటంటే యలమంద దారిలో పడ్డాడు. ఈ ఆదివారం మళ్ళీ తోటకి వెళ్ళాం. రంగులరాట్నం మీద తెల్ల గుర్రం ఎక్కాడు, తిరిగి వచ్చినప్పుడల్లా "పెద్దమ్మా, నన్ను చూడు" అని నవ్వాడు. నువ్వు వాడి నవ్వు రోజూ చూస్తావు కాబట్టి నీకు తెలియదు. అంతలో ఈ రాక్షసి వెళ్ళి వాడికి తొడపాశం పెట్టింది! వాడు గుక్క పట్టాడు. అందరూ నన్నే చూశారు, నేనేదో చేసినట్టు. బస్సులో వాడు నా ఒళ్ళో నిద్రపోయాడు.

రంగనాయకులు గారికి కొట్లో బేరాలు లేనట్టున్నాయి. అలాంటి మాటలు పట్టించుకుని కాగితం పాడుచెయ్యకు.

కుసుమ

•

కోటప్పనగర్ క్యాంపు,
8 జూన్ 1969

అక్కయ్యకు నమస్కారాలు.

ఈసారి నీ ఉత్తరం పోస్టుమాను దగ్గర తీసుకుని గట్టు మీదే చదివేశాను. కూలి పనికి వచ్చిన శరణమ్మ పక్కనే ఉంది. "మక్కళు యావాగ బర్తారమ్మా?" అంది. పిల్లలు ఎప్పుడొస్తారని అందరూ అడిగేవాళ్ళే. ఎవరికని చెప్పను? "వస్తారు" అన్నాను. ఆవిడ నా ముఖం చూసి మళ్ళీ పనిలోకి వంగింది.

బళ్ళు తెరిచారు. మేస్టారు హాజరు పిలిచి వీళ్ళ పేర్ల దగ్గర ఆగారట.

యలమంద దారిలో పడ్డాడని సంబరపడకు. వాడికి ఒంట్లో బాగుండదు. ఏడాదికి మూడు సార్లు జ్వరం. పక్క తడుపుతాడు. అన్నం తినిపించేసరికి మనకి ఆకలి పోతుంది. అబద్ధాలు కూడా ఆడతాడు. పగలు నవ్వినంత మాత్రాన వాణ్ణి చూసుకోవడం తేలికనుకోవద్దు. నీ వయసులో నీకు అంత శ్రమ ఎందుకు?

రంగనాయకులు మాట పట్టించుకోకు అని రాశావు. పట్టించుకోకు అన్నావు గానీ, అది తప్పు అని రాయలేదు.

పిల్లలని ఏ ఓడకి పంపిస్తున్నారో రాయవలెను.

పార్వతి

•

సింగపూరు,
18 జూన్ 1969

పార్వతికి,

నీకేమైంది? వాళ్ళు నీ పిల్లలేనా, క్యాంపులో ఎవరి పిల్లలైనా పొరపాటున ఓడ ఎక్కారా? ముందు రత్నం పనికిరాదన్నావు. ఇప్పుడు యలమంద పనికిరాడంటున్నావు. ఏడేళ్ళ వాడు పక్క తడిపితే లోకం మునిగిపోతుందా? నువ్వు తడపలేదా? మరుగుతున్న నీళ్ళలో ఆ గుడ్డలు ఉడకేసింది ఎవరనుకున్నావు? "నీ వయసులో" అట! నాకు నలభై నిండలేదు ఇంకా.

ఇక ఓడ సంగతి. పిల్లలని మద్రాసు దాకా తీసుకెళ్తామన్న వెంకోబరావు గారికి సెలవు దొరకలేదు. ఆయన భార్యకి కూడా నలతగా ఉంది. జులై మధ్య దాకా వాళ్ళు బయల్దేరరు. ఒంటరిగా పంపలేను కదా. చదువు పోతుందని నువ్వు గోల పెడతావని, మా వీధి చివర బళ్ళో హెడ్మాస్టర్ని బతిమాలి ఇద్దర్నీ కూర్చోబెట్టాం. తెల్ల చొక్కా, నీలం లాగూ కుట్టించాను. యలమంద దొరబాబులా ఉన్నాడు. రత్నం మొదటి రోజే తన యూనిఫాం మీద సిరా ఒంపుకుంది. ఉతికీ ఉతికీ నా గోళ్ళు నీలంగా అయ్యాయి.

ఆటల తోట మాట ఎత్తితే చాలు నాకు తలనొప్పి. అయినా మీ బావగారు వదలరు. "పిల్లల్ని పిలిచి తెచ్చుకుని ఒక్క ఆదివారమైనా సరిగా ఆడించలేకపోతే ఎలా?" అంటారు. ఆయన పట్టు ఆయనది.

కుసుమ

•

కోటప్పనగర్ క్యాంపు,
29 జూన్ 1969

అక్కయ్యా,

బళ్ళో వేశావా? యూనిఫాం కుట్టించావా? ఇంక ముసుగులో గుద్దులాట వద్దు.

మీరు బయల్దేరే రోజు మా వసారాలో రత్నం జడ అల్లుతూ "ఒకర్ని నాకిచ్చెయ్యవే" అన్నావు. నువ్వు నవ్వావు. నేను నవ్వలేదు. ఆ రోజే మీ మరిదిగారూ నేనూ మాట్లాడుకున్నాం. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. నన్ను పెంచడానికి నువ్వు వచ్చిన సంబంధాలు వెనక్కి పంపావు. ఆలస్యంగా పెళ్ళయింది, పిల్లలు కలగలేదు. అడిగితే కాదనే నోరు నాకు లేదనుకున్నాం. "వదిన అడిగితే ఇద్దాం, మంచిగా ఉన్నవాళ్ళని తనే ఉంచుకుంటుంది" అన్నారు ఈయన.

కానీ నువ్వు అడగవు. రత్నం ఇమిడిపోతుందని ఒకసారి, యలమంద ఒళ్ళో నిద్రపోయాడని ఒకసారి. నేను ఉత్తరం విప్పినప్పుడల్లా ఎవరి పేరు ఉంటుందోనని చూస్తాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, నా పిల్లల మీద నేనే చాడీలు రాశాను. చదువుకుంటే నామీద నాకే అసహ్యమేసింది.

యలమంద చిన్నవాడు, త్వరగా మరిచిపోతాడు. రత్నం మరిచిపోదు. మరిచిపోయేవాణ్ణి ఇవ్వాలా, మరిచిపోనిదాన్ని ఇవ్వాలా? నువ్వే చెప్పు. నన్ను మాత్రం ఎంచమనకు. ఒక్కటే అడుగుతున్నాను. ఆటలూ ఐస్‌క్రీములూ చూపించి వాళ్ళని మభ్యపెట్టి ఉంచుకోవద్దు. నీ నోటితో వాళ్ళకి చెప్పు.

ఈయన సరిగా తినడం లేదు. కాలవ వదిలారు. మా దాకా రాలేదు.

పార్వతి

•

సింగపూరు,
8 జులై 1969

పార్వతీ,

నిన్న నీ ఉత్తరం వచ్చింది. మొన్న ఆదివారం ఇక్కడ జరిగింది నీకు రాయాలా వద్దా అని కొట్టుకుంటూ ఉన్నాను. ఇప్పుడు రాయక తప్పదు.

తోటలో మీ బావగారు టిక్కెట్ల వరసలో ఉన్నారు. నేను తల తిప్పి చూస్తే పిల్లలు లేరు. రాట్నం దగ్గర లేరు, రైలు దగ్గర లేరు. దయ్యాల గుహలోకి నేనొక్కదాన్నే పరిగెత్తాను. నా మీద ఏమేం ఊగాయో నాకు తెలియదు. "రత్నం! యలమందా!" అని అరుస్తుంటే అందరూ అది కూడా ఆటలో భాగమనుకుని నవ్వారు. మీ బావగారు పోలీసుల దగ్గరికి పరిగెత్తారు.

చివరికి వెనక గేటు దగ్గర కనిపించారు. రత్నం చంకలో మూట, దాన్లో ఇద్దరి బట్టలు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, గేటు కాసే ముసలాయన్ని "ఓడ ఎటు? ఇండియా ఓడ ఎటు?" అని తెలుగులో అడుగుతోంది. ఆయన మలయా భాషలో ఏదో చెబుతున్నాడు. నేను వెళ్ళి దాని చెంప మీద కొట్టాను. నా చెయ్యి ఇంకా మండుతోంది.

అప్పుడు అంది నీ కూతురు, అన్ని రోజుల్లోనూ మొదటిసారి ఏడుస్తూ:

"మేం మంచిగా ఉంటే ఒకర్ని ఉంచేసుకుంటావంట. అమ్మా నాన్నా అనుకుంటుంటే విన్నాను. ఊరికే కూర్చుంటే నేనే నయమన్నావు. ఇద్దరం చెడ్డగా ఉంటే ఇద్దర్నీ పంపించేస్తావు కదా! ఏం చేసినా పంపట్లేదు నువ్వు! వీడేమో మర్చిపోయి నవ్వేస్తున్నాడు. ఎన్నిసార్లు గిల్లినా మర్చిపోతున్నాడు."

"నేను మర్చిపోలేదు" అన్నాడు యలమంద, "గుర్రం బాగుంది, అంతే."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. మీ బావగారు పోలీసుతో వచ్చేసరికి ముగ్గురం ఏడుస్తున్నాం. పోలీసు ఎవరు తప్పిపోయారో అర్థం కాక నన్ను లేపాడు.

ఇప్పుడు నీకు. వసారాలో అన్నది నవ్వులాటకి. పిల్లల్ని చూస్తే ఎవరైనా అనే మాటే అది. మనసులో లేని మాట అని మాత్రం అనను. యలమంద ఒళ్ళో పడుకున్నప్పుడు బస్సు ఇంకో చుట్టు తిరిగితే బాగుండుననుకున్నాను. అనుకోవడం వేరు, అడగడం వేరు. నీ ముందు నోరు తెరిచి ఎందుకు అడగలేదో నీకు తెలియదా? అడిగితే ఇచ్చేస్తావని తెలుసు కనక.

నన్ను పెంచావు కాబట్టి నా బిడ్డని తీసుకో అంటావా? నిన్ను పెంచడం నాకు పడ్డ శిక్ష అనుకున్నావా ఇన్నాళ్ళూ? నీకు జడ వెయ్యడం, నీతో పలక దిద్దించడం, నీ అలకలు తీర్చడం, ఇవన్నీ నా ముచ్చట్లే. పిల్లల్లేరని నన్ను చూసి ఊరంతా జాలిపడుతుంది. నువ్వు కూడానా? నీ మీద నాకు వచ్చిన కోపం ఈ కాగితం పట్టదు.

ఇంటికొచ్చి ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను, ఇద్దరూ వెళ్తున్నారని. రత్నం "ఒట్టు?" అంది. మీ బావగారు తల మీద చెయ్యి వేసుకుని ఒట్టు పెట్టారు. అప్పుడది "అయితే సాయంత్రం మళ్ళీ తోటకి తీసుకెళ్తారా? నేను ఇంకా ఏదీ ఎక్కలేదు కదా" అంది! నాకు నవ్వాలో మొత్తాలో తెలియలేదు. తీసుకెళ్ళాం. చక్రం నాలుగుసార్లు ఎక్కింది. పైన కెవ్వున అరుస్తుంటే కింద నిలబడి విన్నాను. నీ కూతురు నవ్వితే చెంపన సొట్ట పడుతుందని నాకు ఇన్ని వారాల్లో తెలియనే లేదు, పార్వతీ. యలమంద మూడు ఐస్‌క్రీములు తిని మీ బావగారి చొక్కా మీద కక్కాడు. ఆయన మహదానందంగా కడుక్కున్నారు.

వెంకోబరావు గారితో వచ్చే వారం ఓడ ఎక్కిస్తున్నాం. మరిదిగారిని మద్రాసు రమ్మను. అన్నం తినమను.

కుసుమ

•

కోటప్పనగర్ క్యాంపు,
5 ఆగస్టు 1969

అక్కయ్యకు,

పిల్లలు చేరారు. మీ మరిదిగారు వాళ్ళని రెండు భుజాల మీదా ఎక్కించుకుని బస్సు దిగారు. సింధనూరు బస్టాండులో అందరూ చూస్తున్నా దించలేదట.

నీ ఉత్తరం చదివి పొలంలోకి వెళ్ళిపోయాను. ఎవరైనా చూస్తే బురదలో నారు సర్దుతున్నాననుకుంటారని వంగే ఏడ్చాను. క్షమించమని రాద్దామనుకున్నాను. ఆ మాట రాస్తే నీకు ఇంకా కోపం వస్తుందని మానేశాను.

నీళ్ళు వచ్చాయి. దేవదుర్గ నుంచి నాట్లకి మనుషులు దిగారు. వంట చెయ్యలేక చస్తుంటే నీ పిల్లలు నా ప్రాణం తోడేస్తున్నారు. యలమంద ఏది తిరిగితే అది ఎక్కుతానంటాడు. నిన్న తూము తలుపు ఎత్తే చక్రం ఎక్కి కూర్చున్నాడు. కాలవ కాపలా కాసే లస్కరు బసవప్ప కర్ర పుచ్చుకుని తరిమాడు. రత్నం ఇంటిముందు ఒకటే కథలు. అస్థిపంజరాలు ఎలా ఊగుతాయో చూపించడానికి శరణమ్మ మీద పడింది. ఆవిడ తట్ట వదిలేసి "అయ్యో శివనే!" అని పరిగెత్తింది. నారు కట్టలన్నీ కాలవ పాలు.

నిన్న రత్నానికి జడ వేస్తుంటే అడిగింది, "అమ్మా, పెద్దమ్మ ఓడ దగ్గర ఏడవలేదు. నవ్వుతూనే ఉంది. పెదనాన్నే ఏడ్చాడు. ఎందుకు?" నీకు తెలిస్తే రాయి.

వాళ్ళకి నీ గురించి చెబుతాను అక్కయ్యా. నాకు ఎవరు జడ వేశారో, అదంతా.

పార్వతి

•

సింగపూరు,
18 ఆగస్టు 1969

పార్వతికి,

నారు కట్టలు పోయినందుకు ఆ రాక్షసిని నా బదులు ఒక్కటి వెయ్యి. గట్టిగా కాదు.

ఓడ దగ్గర ఆయన ఎందుకు ఏడ్చారో నాకు తెలుసు. చెప్పరు. ఇంటికి వచ్చాక రోజూ టోపీ తీసి లోపల చూసుకుని పెట్టుకుంటున్నారు, నీళ్ళు ఉన్నాయేమోనని. నాకు విసుగొచ్చింది. ఇల్లంతా సర్దిన చోట సర్దినట్టే ఉంటే ఎవరికైనా పిచ్చెక్కుతుంది. నిన్న ఆదివారం పొద్దున లేచి ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, "పదండి" అన్నాను. "ఎక్కడికి?" అన్నారు. "తోటకి" అన్నాను. "పిల్లలు లేకుండానా? నవ్వుతారు" అన్నారు. నవ్వితే నవ్వనీ అన్నాను.

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ గోడ పక్కనించే మార్కెట్టుకి వెళ్తున్నాను. లోపల ఏముందో చూడాలనుండేది. పిల్లలు పుట్టాక వెళ్దాంలే అనుకునేవాళ్ళం. అలా అనుకుంటూ అనుకుంటూ, ఆ గేటు మనది కాదని తేల్చేసుకున్నాం.

లోపల ఒక మూల ఇనప నేల మీద చిన్న చిన్న కార్లు ఉన్నాయి. ఒకదాన్నొకటి గుద్దుకోవడమే ఆట. పిల్లలతో అటు వెళ్ళనే లేదు. ఆయన్ని ఒకదాంట్లో కూర్చోబెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని నేనొకదాంట్లో కూర్చున్నాను. స్టీరింగు ఎటు తిప్పాలో నాకు తెలియదు. మొదటిసారి పొరపాటున గుద్దాను. ఆయన "అయ్యయ్యో, చూసుకో కుసుమా!" అన్నారు. రెండోసారి చూసుకునే గుద్దాను.

ఇంకో విడత ఆడతామంటే వరసలో ఉన్న కుర్రాళ్ళు మాకు దారి ఇచ్చారు. ఆయన మూల నించి మూలకి పారిపోతున్నారు, నేను వదల్లేదు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

నీ అక్కయ్య,
కుసుమ